ఎనిమిది మందితో కొరెల్లి క్రిస్మస్ కాంచెర్టో గ్రోసో: పార్టుల పంపకం నుంచి వేదిక దాకా

ఇటలీ వయొలిన్ విద్వాంసుడు ఆర్కాంజెలో కొరెల్లి ఓపస్ 6 (ఆరో రచన) సంపుటిలో ఎనిమిదో కాంచెర్టో గ్రోసో, అంటే ఒక చిన్న జట్టు, ఒక పెద్ద జట్టు కలిసి వాయించే తీగవాద్య రచన, జి మైనర్‌లో ఉంటుంది. ‘క్రిస్మస్ రాత్రి కోసం చేసినది’ అని ఇటాలియన్‌లో దానిమీద రాసి ఉండడంతో అందరి నోటా అది క్రిస్మస్ కాంచెర్టోగా స్థిరపడింది. రోమ్‌లో కార్డినల్ పియెట్రో ఒట్టొబోని పోషణలో ఉన్నప్పుడు కొరెల్లి దాన్ని కూర్చాడు. 1713 జనవరిలో ఆయన పోయాడు. పన్నెండు కాంచెర్టోల సంపుటిని ఆ మరుసటేడు, 1714లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎస్టియెన్ రోజర్ అచ్చువేశాడు.

మొత్తం వాయించడానికి సుమారు పదిహేను నిమిషాలు చాలు. వయొలిన్ పార్టుల్లో చేయి మూడో పొజిషన్ (మెడ మీద చేతి మూడో స్థానం) దాటి పైకి పోనక్కర్లేదు కాబట్టి నాలుగైదేళ్లు పద్ధతిగా నేర్చుకున్న వాళ్లెవరైనా వాయించగలరు. అయినా చాలా బృందాల చేతుల్లో ఇది చప్పగా తేలిపోతుంది. ఈ సంగీతం రెండు విషయాల మీద నడుస్తుంది. ఒకటి, ఏ క్షణాన ఎంతమంది వాయిస్తున్నారన్నది. రెండు, స్వరాలు ఒకదానితో ఒకటి రాపాడి విడిపోయే తీరు. కింద చెప్పే పనులన్నీ ఆ రెంటి కోసమే.

1. మనుషుల్ని లెక్కపెట్టుకోండి

మూల ప్రచురణలో ఏడు తీగవాద్య పార్టులున్నాయి. కాంచెర్టీనో అనే చిన్న జట్టులో రెండు వయొలిన్లు, ఒక చెల్లో. రిపియెనో అనే పెద్ద జట్టులో రెండు వయొలిన్ పార్టులు, వయోలా, బాస్. చిన్న జట్టు తప్పనిసరి, పెద్ద జట్టు ఇష్టాన్ని బట్టి, కావాలంటే దాని పార్టుల్ని రెట్టింపు చేసుకోవచ్చు అని ముఖపత్రమే చెబుతోంది. అంటే దీనికి ‘సరైన సంఖ్య’ అంటూ ఏదీ లేదు.

- కనీసం: రెండు వయొలిన్లు, చెల్లో, కీబోర్డ్. నలుగురితో ట్రయో సొనాటాలా (రెండు పై గొంతులు, ఒక బాస్ ఉన్న చిన్న రచనలా) నడుస్తుంది.
- పనికొచ్చే పరిమాణం: ఏడు పార్టులకూ ఒక్కొక్కరు, కీబోర్డ్‌తో కలిపి ఎనిమిది మంది.
- హాయిగా ఉండే పరిమాణం: ముగ్గురు సోలోయిస్టులు, రిపియెనోలో మూడు మొదటి వయొలిన్లు, మూడు రెండో వయొలిన్లు, రెండు వయోలాలు, ఒక చెల్లో, ఒక డబుల్ బాస్, హార్ప్‌సికార్డ్ లేదా ఆర్గన్.

1682లో రోమ్‌లో కొరెల్లి కాంచెర్టోలు స్వయంగా విన్న స్వరకర్త గియోర్గ్ ముఫాట్, తన 1701 ప్రచురణ ముందుమాటలో ఇలాంటి సంగీతాన్ని ముగ్గురితో మొదలుపెట్టి ఎంతమందికైనా ఎలా పెంచుకోవచ్చో విడమరిచి చెప్పాడు. కొరెల్లి స్వయంగా 1687లో రోమ్‌లో స్వీడన్ మాజీ రాణి క్రిస్టినా సంబరంలో నూట యాభై మంది తీగవాద్యకారుల్ని నడిపించాడు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, బాగా వాయించే ముగ్గుర్నీ కాంచెర్టీనోలో వేసి, మిగిలినవాళ్లను రిపియెనోకి తోసేయడం. రిపియెనోకి కనీసం ఒక గట్టి వయొలిన్ మనిషి కావాలి. ఖాళీ బార్లు లెక్కపెట్టి సరిగ్గా సమయానికి అందుకోవలసింది ఆ జట్టే.

వయోలా దొరకకపోతే ఆ పార్టును మూడో వయొలిన్‌కి మార్చి రాసుకుంటారు. వయొలిన్ జి తీగ కన్నా కిందికి పోయే స్వరాల్ని ఒక ఆక్టేవ్ ఎత్తాలి. పని నడుస్తుంది గాని రంగు పోతుంది. వయోలా ఉన్నది రిపియెనోలో మాత్రమే. పెద్ద జట్టు చేరినప్పుడు మధ్యలో వచ్చే ఆ నిండుదనం దానిదే.

2. పార్టులు, గుర్తులు

ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ సంగీత గ్రంథాలయంలో స్కోరు, పార్టులు ఉచితంగా దొరుకుతాయి. కొత్త ప్రచురణలు కొన్నిటిలో సంపాదకులు తగిలించిన క్రెషెండోలు (ధ్వని పెంచమనే గుర్తులు), పొడవాటి స్లర్లు (స్వరాల్ని ఒకే బోలో కలిపే గీతలు) నిండుగా ఉంటాయి. మొదటి పని వాటిని పెన్సిల్‌తో కొట్టేయడం. తర్వాత ‘సోలీ’ (చిన్న జట్టు మాత్రమే), ‘టుట్టీ’ (అందరూ) అన్న చోట్లన్నీ అందరి పార్టుల్లోనూ రంగు పెన్సిల్‌తో గీయండి, రిపియెనో పార్టుల్లో కూడా.

ఇక్కడే గ్రహించాల్సిన సంగతి ఒకటుంది. భజనలో ఒకరు పాడితే మిగిలినవాళ్లు అందుకున్నట్టు వంతులుగా సాగదు ఇది. కొరెల్లి దగ్గర కాంచెర్టీనో దాదాపు ఎప్పుడూ ఆగదు. టుట్టీలో కాంచెర్టీనో మొదటి వయొలిన్, రిపియెనో మొదటి వయొలిన్ చాలావరకు ఒకే స్వరాలు వాయిస్తాయి. ‘సోలీ’ అన్న చోట రిపియెనో తప్పుకుంటుంది, అంతే. సోలో పుట్టేది తీసివేతతో. కాబట్టి టుట్టీ రాగానే ‘హమ్మయ్య, ఇక వాళ్లు చూసుకుంటారు’ అని సోలోయిస్టులు సడలిపోతే మొత్తం కుప్పకూలుతుంది. నాయకత్వం ఆ ముగ్గురిదే, మొదటినుంచి చివరిదాకా.

రిపియెనో వాళ్లకు ఖాళీ బార్ల మీద సోలో వయొలిన్ ఆఖరి రెండు బార్లను చిన్న అక్షరాల్లో రాసిపెట్టండి. లెక్క ఒకసారి తప్పినా చెవి పట్టుకుంటుంది.

3. కూర్చోబెట్టడం

సోలోయిస్టులు ముగ్గురూ ముందు, కీబోర్డ్‌ని ఆనుకుని. రిపియెనో వెనక అర్ధచంద్రాకారంలో, మీటరు, మీటరున్నర ఎడంతో. చెల్లో మనిషికి కీబోర్డ్ వాయించేవారి ఎడమచేయి కనిపించాలి. వయొలిన్లు, వయోలా నిలబడి వాయిస్తే శ్వాస, బో (కమాను) కలిసి కదులుతాయి.

డబుల్ బాస్ ఉంటే దాన్ని మూలకు నెట్టకండి. లావు తీగ పలకడానికే కొంచెం ఆలస్యమవుతుంది. దూరం కూడా తోడైతే ప్రతి బీట్ వెనక ఈడ్చినట్టు వినిపిస్తుంది.

4. శ్రుతి

అందరివీ మామూలు వయొలిన్లు, స్టీలు తీగలు అయితే ఎ = 440లోనే (ఎ స్వరానికి సెకనుకు 440 కంపనాలు) ఉండండి. బరోక్ సంగీతానికి ఇప్పుడు వాడుకలో ఉన్న 415 దానికి దాదాపు అర్ధస్వరం కింద ఉంటుంది. ఎలక్ట్రానిక్ కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి నొక్కితే చాలు. గట్ (జంతువుల పేగుతో చేసిన) తీగలవాళ్లు ఉంటే 415కి దిగండి, కానీ దిగితే అందరూ దిగాలి.

కీబోర్డ్‌కి ఏ టెంపరమెంట్, అంటే ఆక్టేవ్‌లో స్వరాల్ని సర్దే ఏ పద్ధతి, పెట్టాలన్నది అసలైన ప్రశ్న. మామూలు సమాన విభజనలో మేజర్ థర్డ్‌లు శుద్ధమైన దానికన్నా సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) పెద్దవి. అందుకని కొందరు మేజర్ థర్డ్‌లు శుద్ధంగా ఉండే మీన్‌టోన్ అనే పాత పద్ధతి పెడతారు. జి మైనర్‌లో చెవికి విందు. మూడో భాగం ఇ ఫ్లాట్ మేజర్‌కి వెళ్లగానే చిక్కొస్తుంది. అక్కడ ఎ ఫ్లాట్ కావాలి, మీన్‌టోన్‌లో ఆ మీట దగ్గర మామూలుగా ఉండేది జి షార్ప్. తీగవాద్యాలు సరిగ్గానే వాయిస్తున్నా కీబోర్డ్ ఊళపెడుతుంది. అన్ని స్కేళ్లలోనూ వాడుకోదగ్గ వలోటి టెంపరమెంట్ పెడితే ఈ బాధ ఉండదు. కొత్త డిజిటల్ కీబోర్డ్‌లు చాలావాటిలో సెట్టింగుల్లోనే ఉంటుంది.

ఏది పెట్టినా, తీగలు నాలుగూ విడివిడిగా కీబోర్డ్‌తోనే సరిచూసుకోండి. ‘ఎ’ ఒక్కటి తీసుకుని మిగతావి శుద్ధమైన పంచమాలతో కలుపుకుంటే చెల్లో సి తీగకి వచ్చేసరికి కీబోర్డ్‌తో తేడా తెలిసిపోతుంది.

కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు షడ్జ పంచమాల శ్రుతి వదిలి జి, డి, ఎ, ఇ పెట్టుకోవాలి. ఇక్కడి జి మైనర్ స్వరాలు చాలా చోట్ల కీరవాణిలా తగులుతాయి కాబట్టి ఎఫ్ షార్ప్ మీద, ఇ ఫ్లాట్ మీద వేలు దానంతటదే ఊగుతుంది. ఊగనివ్వకండి. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

5. సస్పెన్షన్‌ని చేతికి అలవాటు చేయడం

సస్పెన్షన్ అంటే పట్టి ఉంచిన స్వరం కొత్త కార్డ్‌తో రాపాడి, తర్వాత ఒక మెట్టు దిగి కలిసిపోవడం. ఈ కాంచెర్టో ప్రాణం ఇక్కడే ఉంది. మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

ముగ్గురు చాలు. చెల్లో ఖాళీ డి తీగ పట్టాలి. రెండో వయొలిన్ డి తీగ మీద మూడో వేలితో జి పట్టాలి. మొదటి వయొలిన్ ఖాళీ ఎ తీగ వాయించాలి. జి, ఎ పక్కపక్క స్వరాలు కాబట్టి రెండూ కలిసి గరుకుగా మోగుతాయి. ఇప్పుడు రెండో వయొలిన్ బో ఆపకుండా రెండో వేలికి, ఎఫ్ షార్ప్‌కి, దిగాలి. గరుకుతనం కరిగి డి మేజర్ కార్డ్ తేటపడుతుంది.

సంగీతంలో ఇదే కదలిక వచ్చేటప్పుడు దానికి మూడు దశలుంటాయి. మొదట జి స్వరం హాయిగా, ఏ గొడవా లేకుండా ఉంటుంది. తర్వాత కింద బాస్ మారడంతో బలమైన బీట్ మీద అదే జి చికాకు పుట్టించే స్వరమవుతుంది. ఆఖర్న ఒక మెట్టు దిగి విశ్రాంతి పొందుతుంది. బో బరువు రెండో దశలో పెరగాలి, మూడో దశలో తగ్గాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. పట్టి ఉంచిన స్వరం మీద బో నీరసించి, దిగే స్వరాన్ని కొత్తగా నొక్కుతుంది. అప్పుడు రాపిడి వినపడదు, విడుదలకి అర్థం ఉండదు.

గమకం, వైబ్రాటో ఎందుకు వద్దన్నామంటే ఇందుకే. స్వరం ఊగితే రెండు స్వరాల మధ్య రాపిడి చెదిరిపోతుంది. నిలకడగా ఉంటేనే అది కోసినట్టు తగులుతుంది. దిగిన ఎఫ్ షార్ప్‌ని, కీబోర్డ్ మోగనప్పుడు, మీరు అలవాటుపడినదానికన్నా వెంట్రుకవాసి కిందికి పెట్టి చూడండి. గదిలో కార్డ్ ఒక్కసారిగా నిశ్చలమవుతుంది.

ఇది చేతికొచ్చాక ప్రతి పార్టులోనూ రాపిడి స్వరాల మీద చిన్న అడ్డగీత పెట్టుకోండి. మొదట్లో వచ్చే బాగా నెమ్మదైన గ్రావె భాగంలో ఆ గీతలు ఎన్నున్నాయో చూస్తే విషయం మీకే అర్థమవుతుంది.

6. భాగం వారీగా

వివాచె, అల్లెగ్రో అంటే చురుకైన నడక, గ్రావె, అడాజియో, లార్గో అంటే నెమ్మది నడక. మెట్రోనోమ్ అంకెలు (నిమిషానికి ఎన్ని బీట్లో) మా సలహా మాత్రమే. కొరెల్లి అలాంటివేమీ రాయలేదు.

*వివాచె, గ్రావె.* వివాచె మూడు బీట్ల కొద్ది బార్లే. తలుపు తట్టినంతసేపు. బరువైన కార్డ్‌ల మధ్య ఖాళీ వదలండి, ఈ భాగం బలమంతా ఆ ఖాళీల్లోనే ఉంది. వెంటనే గ్రావె వస్తుంది. దానిమీద కొరెల్లి ఇచ్చిన సూచన: బోలు సాగదీసి, రాసింది రాసినట్టే వాయించమని. అంటే అలంకారాలు వద్దు. నెమ్మది భాగాల్లో సోలోయిస్టులు సొంతంగా స్వరాలు అల్లుకునే కాలంలో, ఇలా ప్రత్యేకంగా కట్టడి చేశాడంటే కారణం ఆ సస్పెన్షన్ల గొలుసే. అలంకరిస్తే గొలుసు తెగుతుంది. బో సరిపోకపోతే దొంగతనంగా మార్చుకోండి, కానీ రాపిడి స్వరం నడిమధ్యలో మార్చకండి.

*అల్లెగ్రో.* క్వార్టర్ నోట్ 104–112. చెల్లో ఎనిమిదో వంతు స్వరాలతో ఆగకుండా నడుస్తుంది, పైన రెండు వయొలిన్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ సస్పెన్షన్లు కడతాయి. ఇక్కడ తప్పు ఎక్కువగా చెల్లో దగ్గరే పుడుతుంది. స్వరాలన్నీ సమాన బరువుతో వాయిస్తే కుట్టుమిషన్ అయిపోతుంది, స్లర్ చేస్తే బురద. విడివిడి బోలు, నడిమి భాగంలో, ఒక్కో స్వరానికి నాలుగు వేళ్ల వెడల్పు మించకుండా. బార్‌లో మొదటి, మూడో బీట్లకు కొంచెం బరువు. రెండో వయొలిన్ మనిషి మొహమాటపడకూడదు. రెండు వయొలిన్లు సమానం. ఎవరు ఎవరో పోల్చుకోలేనట్టు ఉండాలి.

*అడాజియో, అల్లెగ్రో, అడాజియో.* ఇ ఫ్లాట్ మేజర్. ఇంతదాకా ఉన్న చీకటి తొలగి వెచ్చదనం వస్తుంది. దాని నడుమ ఉన్నట్టుండి పదహారో వంతు స్వరాల అల్లెగ్రో విరుచుకుపడి, వచ్చినంత వేగంగానూ పోతుంది. ఆ తుపానుకి బో చిన్నది చేసి మణికట్టుతో వాయించాలి. మోచేయి కలిస్తే వేగం పరుగెడుతుంది. రెండో అడాజియో మొదటిదాని వేగానికే తిరిగి రావాలి. నూటికి తొంభై బృందాలు ఇక్కడ నిద్రలోకి జారుకుంటాయి. మందు ఒకటే: రిహార్సల్‌లో అల్లెగ్రో వదిలేసి, మొదటి అడాజియో చివరి బార్ నుంచి నేరుగా రెండోదానికి దూకి కొన్నిసార్లు వాయించండి.

*వివాచె.* మూడు బీట్లు, మినుయెట్ ఛాయ. క్వార్టర్ 132 చుట్టూ. రెండో బీట్ తేలిక, మూడోది ఇంకా తేలిక. ఎక్కువ చెప్పడానికేం లేదు, బాగా రాసిన సంగీతం, దానంతటదే నడుస్తుంది.

*అల్లెగ్రో.* గవోట్ నాట్య ఛాయ ఉన్న చురుకైన భాగం. సోలీ, టుట్టీ మార్పులు ఇక్కడ దగ్గరదగ్గరగా వస్తాయి కాబట్టి రిపియెనో సత్తా తేలేది ఇక్కడే. అందుకునే ముందు బీట్ ఖాళీగా ఉన్నప్పుడే బో తీగ మీద ఆని ఉండాలి. గాల్లోంచి దింపితే ఆలస్యం ఖాయం.

*పాస్టొరాలె.* జి మేజర్, 12/8, లార్గో. శంకరాభరణం మెట్లమీద ఊయల నడక. క్రిస్మస్ రోజుల్లో కొండప్రాంతాల నుంచి రోమ్ వీధులకొచ్చి తిత్తి వాద్యం, సన్నాయి జాతి వాద్యం వాయించే గొర్రెలకాపరుల సంగీతాన్ని కొరెల్లి ఇక్కడ తలపిస్తాడు. కింద కదలకుండా పట్టి ఉంచే స్వరాలు ఆ తిత్తివే. చుక్కున్న క్వార్టర్ 46 దగ్గర మొదలుపెట్టండి. 40కి పడిపోతే మనుషులు పన్నెండు లెక్కపెట్టడం మొదలుపెడతారు, నడక చస్తుంది. నాలుగు పెద్ద బీట్లే లెక్కించాలి. పట్టి ఉంచే స్వరాల దగ్గర బో మార్పులు అందరూ ఒకేసారి చేయకూడదు. ఎవరు ఏ బీట్‌లో మార్చాలో ముందే పంచుకోండి.

ఈ పాస్టొరాలె వాయించడం ఐచ్ఛికమని కొరెల్లే రాశాడు. క్రిస్మస్ కాని రోజుల్లో వదిలేసి, జి మైనర్ అల్లెగ్రోతో ముగించవచ్చు. న్యాయంగా అలాగే ఉండాలి గాని, పాస్టొరాలె లేకుండా దీన్ని వినడానికి ఏ శ్రోతా ఒప్పుకోడు.

7. కీబోర్డ్ మనిషికి

బాస్ స్వరాల దగ్గర, దాని నుంచి ఎన్నో స్వరాన్ని పైన చేర్చాలో చెప్పే అంకెలుంటాయి: 6, 7, 4-3 (ముందు నాలుగోది, తర్వాత మూడోది, అంటే సస్పెన్షన్) వంటివి. వాటిని బట్టి కుడిచేతికి కార్డ్‌లు కట్టుకోవాలి. అచ్చులో కొందరు సంపాదకులు రాసిచ్చిన కుడిచేయి మరీ చిక్కగా ఉంటుంది. సోలీలో మూడు స్వరాలు చాలు, మొదటి వయొలిన్‌ని దాటి పైకి పోవద్దు. టుట్టీలో నాలుగైదు. 4-3 ఉన్నచోట వయొలిన్‌కన్నా ముందే 3 వాయించారో, మనం ఐదో మెట్టులో పడిన శ్రమంతా వృథా.

హార్ప్‌సికార్డ్ ధ్వని మోగిన వెంటనే సన్నగిల్లుతుంది కాబట్టి గ్రావెకి, పాస్టొరాలెకి ఆర్గన్ మేలు. ఎలక్ట్రానిక్ కీబోర్డ్‌లో మెత్తని ఫ్లూట్ జాతి ఆర్గన్ స్వరం ఎంచుకోండి. చర్చిల్లో మామూలుగా పెట్టే పెద్ద ఆర్గన్ సెట్టింగ్ ఎనిమిది మంది మీద రోడ్డు రోలర్‌లా పోతుంది.

8. అలంకారాలు ఎక్కడ, ఎంత

గ్రావెలో వద్దని చెప్పుకున్నాం. అడాజియోలో కాడెన్స్ (వాక్యం ముగిసే చోటు) దగ్గర ట్రిల్ (రెండు పక్క స్వరాల్ని వేగంగా మార్చి మార్చి పలికించడం), రెండు స్వరాల మధ్య చిన్న నడక స్వరాలు చాలు. ట్రిల్‌ని పై స్వరంతో మొదలుపెట్టండి. కొరెల్లి ఓపస్ 5 సొనాటాలకు 1710లో రోజర్ అలంకారాలతో ఒక ప్రచురణ తెచ్చాడు, కొరెల్లి వాయించినట్టుగానే అని చెప్పి. అందులోని సుడులు చూసి ముచ్చటపడి ఇక్కడ దించేయకండి. అక్కడ వయొలిన్ ఒంటరిది, ఇక్కడ పక్కనే ఇంకో వయొలిన్ అదే చోట కదులుతుంటుంది. పాస్టొరాలెలో రెండు వయొలిన్లూ జంటగా సాగేటప్పుడు ట్రిల్ వేస్తే ఇద్దరూ వేయాలి, లేదా ఎవరూ వేయకూడదు.

9. రిహార్సల్, వేదిక

గంటన్నర చొప్పున ఆరు రిహార్సల్స్ సరిపోతాయి. మొదటి రెంటికి సోలోయిస్టులు ముగ్గురూ, కీబోర్డ్ మాత్రమే రావాలి. వాళ్ల నలుగురితో సంగీతం పూర్తిగా నిలబడ్డాకే రిపియెనోని పిలవండి. మూడోదాంట్లో సస్పెన్షన్లు, నాలుగోదాంట్లో సోలీ-టుట్టీ మార్పులు మాత్రమే. ఐదు, ఆరు ఆగకుండా మొత్తం.

పెద్ద జట్టు చేరితే ధ్వని దానంతటదే పెరుగుతుంది. పెన్సిల్‌తో ఫోర్టె రాయనక్కర్లేదు. చిన్న జట్టు మిగిలినప్పుడు ముగ్గురూ భయపడి గొంతు తగ్గిస్తారు, అది చేయనివ్వకండి.

మైకుల సంగతి విడిగా చెప్పాలి. హాల్లో సౌండ్ చూసే అబ్బాయి సోలీ రాగానే ఫేడర్ పెంచుతాడు, టుట్టీకి తగ్గిస్తాడు. పాపం, అతని లెక్కలో బ్యాలెన్స్ చేస్తున్నట్టే. మీ లెక్కలో మాత్రం కొరెల్లి కట్టినదంతా చదును చేస్తున్నట్టు. రెండు వందల మంది పట్టే గదికి మైకు అక్కర్లేదు. తప్పదంటే ముందు రెండు మూడు మీటర్ల దూరంలో ఒక జత, లెవెల్ ఒకసారి పెట్టి ఇక ముట్టుకోకూడదు. సోలోయిస్టుల ముందు విడి మైకులు వద్దే వద్దు. ఫ్యాన్లున్న హాలైతే స్టాండుకి బట్టల క్లిప్పులు పెట్టుకోండి. ఏసీ గాలి తీగల మీదికి సూటిగా కొట్టే చోట కూర్చోవద్దు, రెండో భాగానికల్లా శ్రుతి జారుతుంది.

ఇది పట్టుబడ్డాక అదే ఓపస్ 6లో డి మేజర్‌లోని నాలుగో కాంచెర్టో తీసుకోండి, వయొలిన్లకు వేగం ఎక్కువ, మిగతా ఏర్పాటంతా ఇదే. క్రిస్మస్‌కే ఇంకొకటి కావాలంటే ఇటలీ స్వరకర్తలు టొరెల్లి ఓపస్ 8లోని ఆరోది (1709), మాన్‌ఫ్రెడీని ఓపస్ 3లోని పన్నెండోది (1718) ఉన్నాయి. హ్యాండెల్ 1739లో రాసిన పన్నెండు గ్రాండ్ కాంచెర్టోల జోలికి మాత్రం రిపియెనోలో పార్టుకి ముగ్గురు వయొలిన్లు కుదిరాకే వెళ్లండి.